16 డిగ్రీల్లో సెల్-ఫ్రీ రియాక్షన్: ప్రోటీన్ సూపర్‌నేటెంట్‌లోనే ఉంటోంది, కానీ బ్యాండ్ కనపడట్లేదు

బెంచ్_7

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. ఈ. కోలై బ్యాక్టీరియాని పగలగొట్టి తీసిన ఎక్స్‌ట్రాక్ట్‌తో సెల్-ఫ్రీ పద్ధతిలో, అంటే బతికున్న సెల్స్ లేకుండా, ఒక ఎంజైమ్ తయారు చేయాలి. 68 కిలోడాల్టన్లు, మూడు డొమైన్లు. పేరు చెప్తే మా గైడ్ గారు ఊరుకోరు కాబట్టి అది అడక్కండి.

30 డిగ్రీల్లో పెడితే జెల్ మీద బ్యాండ్ దిట్టంగా వస్తుంది. సంతోషపడేలోపే సెంట్రిఫ్యూజ్ తిప్పితే మొత్తం పెల్లెట్‌లోకి, అంటే అడుగున చేరే ముద్దలోకి, దిగిపోతుంది. 16 డిగ్రీల్లో పెడితే వచ్చిందంతా పైన తేట ద్రవంలోనే (సూపర్‌నేటెంట్) ఉంటుంది, యాక్టివిటీ కూడా చూపిస్తుంది. కానీ ఆ వచ్చింది జెల్‌కి వేసే కూమాసీ రంగుకి ఆనదు, యాంటీబాడీతో వెతికే వెస్టర్న్ చేస్తే గానీ ఉందని తెలీదు. ప్రోటీన్‌ని శుభ్రం చేసే నికెల్ కాలమ్‌కి ఎక్కించేంత సరుకు లేదు.

నా సెటప్ ఇది. బీఎల్21 స్టార్ (డీఈ3) సెల్స్, సోనికేషన్, 12,000 జీ దగ్గర స్పిన్, తర్వాత రన్-ఆఫ్ (రైబోజోమ్‌లు పాత మెసెంజర్లని వదిలేదాకా కాసేపు వెచ్చగా ఉంచడం). టీ7 ప్రమోటర్ ప్లాస్మిడ్. ఎనర్జీకి పీఈపీ (ఫాస్ఫోఈనాల్‌పైరువేట్) 33 మిల్లీమోలార్, మెగ్నీషియం గ్లుటమేట్ 10, పొటాషియం గ్లుటమేట్ 130, అమైనో ఆమ్లాలు ఒక్కోటి 2, హెపీస్ బఫర్ 50. మా థర్మోమిక్సర్‌కి కూలింగ్ లేదు, అందుకని 15 మైక్రోలీటర్ల రియాక్షన్లు పీసీఆర్ మెషీన్‌లో పెడుతున్నాను.

కంట్రోల్‌గా పచ్చగా వెలిగే ప్రోటీన్ సూపర్‌ఫోల్డర్ జీఎఫ్‌పీ. 30 డిగ్రీల్లో నాలుగు గంటలకే ట్యూబ్ కంటికే పచ్చగా కనపడుతుంది. 16లో అదే నాలుగు గంటలకి బ్లాంక్‌కీ దానికీ తేడా చెప్పడం కష్టం.

ప్లాస్మిడ్ రెట్టింపు చేశాను, లాభం లేదు. రాత్రంతా వదిలేస్తే కొంచెం పెరిగింది, అంతే. సెల్స్‌లోనే 16 డిగ్రీల్లో ఐపీటీజీ (జీన్‌ని ఆన్ చేసే రసాయనం) పెట్టు అని ల్యాబ్‌లో అందరూ అంటున్నారు. ఇది సెల్స్‌ని చంపేస్తోంది కాబట్టే కదా సెల్-ఫ్రీకి వచ్చింది. ఎవరైనా చల్లటి ఉష్ణోగ్రతలో దిగుబడి పెంచినవాళ్లుంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జెల్‌డాక్

బ్రో, 16 అని నీకు ఎవరు చెప్పారు? ఐపీటీజీ ఇండక్షన్ అలవాటు అది. 30కీ 16కీ మధ్య చాలా జాగా ఉంది. ముందు 25, 22, 20 వేసి చూడు. 22లోనే సగం సరుకు పైన ఉండిపోతే 16తో పనేముంది? పీసీఆర్ మెషీన్‌లో గ్రేడియంట్ పెడదామనుకుంటావేమో, చాలా మెషీన్లలో గ్రేడియంట్ 30కి కిందికి దిగదు. విడివిడిగా రన్లు పెట్టుకోవాల్సిందే.

రెండోది, షాపెరోన్లు, అంటే వేరే ప్రోటీన్లు సరిగ్గా మడతపడటానికి సాయపడే ప్రోటీన్లు. డీఎన్‌ఏకే-డీఎన్‌ఏజే-జీఆర్‌పీఈ, గ్రోఈఎల్-గ్రోఈఎస్ రెండు సెట్లూ ఉన్న పీజీ-కేజేఈ8 ప్లాస్మిడ్ టకారా వాళ్లది దొరుకుతుంది. దాన్ని సెల్స్‌లో పెట్టి ఇండ్యూస్ చేసి, ఆ సెల్స్ నుంచే ఎక్స్‌ట్రాక్ట్ తీయి. అప్పుడు 25 దగ్గర కూడా పని జరగొచ్చు.

విశాఖ_ఎస్30

జెల్‌డాక్ చెప్పిన ఉష్ణోగ్రతల సంగతి నిజమే, అది ముందు చెయ్యి. షాపెరోన్ల మాట ఇప్పుడే వద్దంటాను. నీ ప్రోటీన్ 16లో బాగానే మడతపడుతోందని నువ్వే చెప్తున్నావు. మడత సమస్య కాదు నీది, తయారీ సమస్య. పైగా ఈ. కోలై గ్రోఈఎల్‌కి చల్లదనంలో హుషారు తగ్గుతుంది. 4 నుంచి 12 డిగ్రీల్లో కూడా పనిచేసే షాపెరోనిన్ కావాలనే కదా ఒలీస్పిరా అంటార్కిటికా అనే చలి బ్యాక్టీరియా నుంచి సీపీఎన్60, సీపీఎన్10 తెచ్చి ఆర్కిటిక్ ఎక్స్‌ప్రెస్ సెల్స్ చేసింది.

నేను వైజాగ్‌లో ఒక చిన్న కంపెనీలో ఎక్స్‌ట్రాక్ట్‌లు తీస్తాను. ఇదే ఉద్యోగం, రోజూ ఇదే బ్యాచ్ గొడవ. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు తమ్ముడూ.

ముందు నీ కంట్రోల్‌ని నమ్మడం మానెయ్. జీఎఫ్‌పీ గొలుసు తయారవడం ఒకటి, అది వెలగడం ఇంకోటి. లోపల క్రోమోఫోర్ ఏర్పడాలి, దానికి ఆక్సిజన్ కావాలి, టైమ్ కావాలి, చలిలో ఆ టైమ్ బాగా సాగుతుంది. 16 డిగ్రీల్లో నాలుగు గంటలకి నువ్వు చూస్తున్నది ఎంత తయారైందో కాదు, అందులో ఎంత వెలిగిందో. ఇలా చెయ్యి: గంటకోసారి 3 మైక్రోలీటర్లు తీసి, క్లోరాంఫెనికాల్ ఉన్న బఫర్‌లో వెయ్యి. కొత్త తయారీ అక్కడితో ఆగిపోతుంది. ఆ ట్యూబ్‌ని మూత తీసి గాలి తగిలేలా 30 డిగ్రీల్లో ఒక గంట ఉంచి, అప్పుడు రీడ్ చెయ్యి. ఎలాగూ మన ల్యాబుల్లో ప్లేట్ రీడర్లు వేడి చేస్తాయే గానీ చల్లబరచవు. 16లో పెట్టిన ప్లేట్‌ని తెచ్చి 28 డిగ్రీల రీడర్‌లో గంటసేపు కైనెటిక్స్ తీసి, చలిలో బాగా వచ్చింది అని స్లైడ్ వేసేవాళ్లని చాలామందిని చూశాను.

రెండోది, టెంప్లేట్. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ తయారవట్లేదా, తయారై చదవబడట్లేదా? ఈ రెండూ విడదీయకుండా ప్లాస్మిడ్ రెట్టింపు చేస్తే ఏం తెలుస్తుంది. మెసెంజర్ తయారుచేసే టీ7 పాలిమరేజ్ కూడా చలికి నెమ్మదిస్తుంది, నిజమే. కానీ అది 37 దగ్గర ఈ. కోలై రైబోజోమ్‌కి అందనంత వేగంగా పోయే ఎంజైమ్, కాబట్టి నెమ్మదించినా దాని దగ్గర మిగులు ఉంటుంది. అనుమానం తీరాలంటే మెసెంజర్‌ని విడిగా 37లో టీ7తో చేసి, శుభ్రం చేసి, నేరుగా ఎక్స్‌ట్రాక్ట్‌లో వేసి 16లో పెట్టు. 30 డిగ్రీల్లో ఈ పని చేస్తే ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్‌లు, ఆర్‌ఎన్‌ఏజ్‌లు, తినేస్తాయని ఎవరూ చెయ్యరు. చలిలో ఆ తినడం కూడా నెమ్మదే, పైగా నీది స్టార్ స్ట్రెయిన్, ఆర్‌ఎన్‌ఏజ్ ఈ తోక కోసేసి ఉంది. అప్పుడూ ప్రోటీన్ పెరగకపోతే సమస్య రైబోజోమ్ దగ్గరే ఉన్నట్టు.

నా అంచనా అక్కడే ఉందని. ఈ. కోలైని చలిలోకి దింపితే రైబోజోమ్ నడక నెమ్మదిస్తుంది గానీ ఆగదు. ఆగేది మొదలుపెట్టడం దగ్గర. 5 డిగ్రీలకి దింపిన ఈ. కోలైలో పాలీసోమ్‌లు (ఒకే మెసెంజర్ మీద వరసగా ఉన్న రైబోజోమ్‌లు) విడిపోతాయని, అంటే ఉన్న గొలుసులు పూర్తవుతున్నాయి గానీ కొత్తవి మొదలవట్లేదని 1970ల్లోనే చూపించారు. 16 అంత ఘోరం కాదు, కానీ జబ్బు అదే. గేటు దగ్గరే లారీ ఆగిపోతే లోపల రోడ్డు ఎంత బాగుంటే ఏం లాభం?

ఎందుకు ఆగుతుందంటే, చలికి ఆర్‌ఎన్‌ఏ ముడులు బిగుసుకుంటాయి. 37లో వదులుగా ఉండే హెయిర్‌పిన్ 16లో గట్టి ముడి. ఆ ముడి షైన్-డాల్గార్నో (రైబోజోమ్ పట్టుకునే చోటు) మీదో ఏయూజీ (ప్రోటీన్ మొదలయ్యే కోడాన్) మీదో పడిందంటే రైబోజోమ్ చిన్న సగం, 30ఎస్ సబ్‌యూనిట్, కూర్చోలేదు. ఇక్కడ ఒక్క పని చెయ్యి, పైసా ఖర్చు లేదు. నీ సీక్వెన్స్‌లో ఏయూజీకి ముందు 40, తర్వాత 45 బేస్‌లు తీసుకుని, ఆర్‌ఎన్‌ఏ ఎలా మడతపడుతుందో అంచనా వేసే ప్రోగ్రామ్ ఆర్‌ఎన్‌ఏఫోల్డ్‌లో పెట్టు. డిఫాల్ట్ 37 డిగ్రీలు ఉంటుంది, అది మార్చి 16 వెయ్యి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూడు. చాలామంది 37లోనే మడిచి, స్ట్రక్చర్ ఏమీ లేదు అని మూసేస్తారు.

ముడి కనపడితే మొదటి 10-15 కోడాన్లలో అమైనో ఆమ్లం మారకుండా ఏ, టీ ఎక్కువుండే కోడాన్లు పెట్టు. దానికి జీన్ మొత్తం మళ్లీ సింథసిస్ చేయించక్కర్లేదు, పొడుగు ఫార్వర్డ్ ప్రైమర్ చాలు. లీనియర్ పీసీఆర్ ముక్కతోనే పరీక్ష చేసేయొచ్చు, గామ్‌ఎస్ ప్రోటీన్ వేస్తే, లీనియర్ డీఎన్‌ఏని తినే ఎంజైమ్ ఆర్‌ఈసీబీసీడీ దాని జోలికి రాదు. నాకు తెలిసినంతలో చలి రియాక్షన్‌కి ఇంతకంటే చవకైన మందు లేదు.

దీనికి ఇంకో మెట్టు పైన సీఎస్‌పీఏ. ఈ. కోలై కోల్డ్ షాక్‌లో తయారుచేసే ప్రోటీన్. దాని మెసెంజర్ ముందు భాగం 159 బేస్‌ల పొడుగు, చల్లబడితే వేరే ఆకారంలోకి మడతపడి రైబోజోమ్‌కి దారి ఇస్తుంది. ఇనౌయే గారి ల్యాబ్ నుంచి 2004లో వచ్చిన పీకోల్డ్ వెక్టర్లలో ఉన్నది ఇదే, దాంతోపాటు మొదట్లో ఎం-ఎన్-హెచ్-కే-వీ అనే చిన్న ముక్క. ఆ వెక్టర్ ప్రమోటర్ నీకు పనికిరాదు, టీ7 ప్రమోటర్ కింద ఆ 159 బేస్‌లనీ ఆ ఐదు అమైనో ఆమ్లాలనీ అతికించుకోవాలి. ఒక్క హెచ్చరిక. ఇది 30లో బాగా పనిచేయదు. 30లో కంట్రోల్ చేసి, పోయింది, రాలేదు అని పారేయకు.

ఇక రియాక్షన్ మిక్స్ సంగతి. నీ మెగ్నీషియం 10 అనేది 30 డిగ్రీల్లో టైట్రేట్ చేసిన సంఖ్య కదా? దాన్నే 16కి మోసుకొచ్చావు. ఆర్‌ఎన్‌ఏ ముడుల్ని బిగించేవాటిలో మెగ్నీషియం, స్పెర్మిడిన్ ముందుంటాయి. చలి ఆ పని ముందే చేసిపెట్టింది. 4 నుంచి 14 వరకు రెండేసి చొప్పున 16లోనే మళ్లీ వెయ్యి.

పీహెచ్ విషయంలో హెపీస్ వాడి బతికిపోయావు. హెపీస్ డిగ్రీకి 0.014 చొప్పున కదులుతుంది, 25లో సరిచేసింది 16లో 0.13 దాకా పెరుగుతుంది, ఫర్వాలేదు. ట్రిస్ అయితే దీనికి రెట్టింపు.

టైరోసిన్ కూడా చూసుకో. 25 డిగ్రీల నీళ్లలోనే 2.5 మిల్లీమోలార్‌కి మించి కరగదు, చలిలో ఇంకా తక్కువ. నువ్వు 2 వేస్తున్నావు, అంచు మీద ఉన్నావు. అమైనో ఆమ్లాల స్టాక్ ఐస్ మీద కరిగించి, అడుగున తెల్లటి పొడి ఉండగానే పైనుంచి పిప్పెట్ చేస్తున్నావేమో చూడు. 37లో పెట్టి వోర్టెక్స్ చేసి, తేటగా అయ్యాక తియ్యి. టైరోసిన్ ఒక్కటి 1కి తగ్గించినా నష్టం లేదు, నువ్వు తీసే ప్రోటీన్‌కి అది చాలా ఎక్కువే.

ఎక్స్‌ట్రాక్ట్ గురించి రేపు రాస్తాను. ఇక్కడ కరెంటు పోయింది, యూపీఎస్ మీద ఉన్న ఫ్రీజర్ చూసి రావాలి.

సకురా_గోధుమ

నేను జపాన్‌లో పోస్ట్‌డాక్. మీరంతా ఈ. కోలైని బతిమాలి చలిలో పనిచేయించాలని చూస్తున్నారు, వీట్ జెర్మ్ ఎందుకు వాడరు? దానికి 15 డిగ్రీలే సొంత ఇల్లు. కింద రియాక్షన్, పైన సబ్‌స్ట్రేట్ బఫర్ రెండు పొరలుగా పోసి 15లో రాత్రంతా వదిలేస్తాం. కలపం కూడా. పొద్దున వస్తే ప్రోటీన్ ఉంటుంది. ఎహిమె యూనివర్సిటీలో ఎండో గారి బృందం 2000లో అసలు కిటుకు చూపించారు. గింజ నుంచి మొలక భాగాన్ని వేరుచేసి, అంటుకున్న ఎండోస్పెర్మ్‌ని బాగా కడిగేస్తే ట్రిటిన్ పోతుంది. అది రైబోజోమ్‌ని పాడుచేసే ప్రోటీన్. అది పోయాక ఎక్స్‌ట్రాక్ట్ రోజుల తరబడి పనిచేస్తుంది. మూడు డొమైన్ల ప్రోటీన్‌కి యూకారియోట్ రైబోజోమ్ నిదానమే మంచిది.

బెంచ్_7

సకురా గారూ, కిట్ ధర కొటేషన్ చూసి మా గైడ్ గారు నవ్వారు. అంతకుమించి మాటల్లేవు.

విశాఖ_ఎస్30

వీట్ జెర్మ్ మంచిదే, సకురా గారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. డబ్బుంటే నేనూ అదే చెప్తాను. ఇంట్లో తీసుకుందామంటే మాత్రం మొలకలు ఏరడం, కడగడం, లైట్‌బాక్స్ మీద ఒక్కొక్కటి చూసి పాడైనవి తీసేయడం ఉంటుంది. పీహెచ్‌డీ నాలుగో ఏడులో మొదలుపెట్టే పని కాదు.

ఎక్స్‌ట్రాక్ట్ సంగతి. కోల్డ్ షాక్ ఇచ్చిన సెల్స్ నుంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ చలిలో కోల్డ్ షాక్ మెసెంజర్లని బాగా చదువుతుందని ఇటలీలో కమెరినో యూనివర్సిటీ వాళ్లు, గ్వాలెర్జీ గారి బృందం, 2004లో చూపించారు. కారణం, షాక్ తర్వాత రైబోజోమ్‌కి ఎన్ని ఇనిషియేషన్ ఫ్యాక్టర్లు అన్న లెక్క మారుతుంది, ముఖ్యంగా ఐఎఫ్3. సీఎస్‌పీఏ కూడా ఉంటుంది, ముడులు విప్పే సీఎస్‌డీఏ హెలికేజ్ ఉంటుంది. చేయడం కష్టం కాదు. 37లో పెంచి, లాగ్ మధ్యలో ఉండగానే ఫ్లాస్కుని ఐసు నీళ్లలో తిప్పుతూ 15కి దింపి, చల్లటి షేకర్‌లో గంట, గంటన్నర. తర్వాత హార్వెస్ట్.

ఎక్కువసేపు ఉంచితే ఇంకా మంచిది కదా అనుకోకు. అదే చలిలో ఆర్‌ఏఐఏ అనే ఇంకో ప్రోటీన్ వచ్చి రైబోజోమ్‌కి అతుక్కుంటుంది, పాత పేపర్లలో ప్రోటీన్ వై అంటారు. అది రైబోజోమ్‌ని పని మాన్పించి దాచిపెట్టే రకం. స్టేషనరీ ఫేజ్‌లో కూడా ఇదే వస్తుంది. ఓడీ (సెల్స్ ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే కొలత) ఎక్కువైతే దిగుబడి ఎక్కువ అని సెల్స్‌ని అతిగా పెంచి తీసిన ఎక్స్‌ట్రాక్ట్ 30 డిగ్రీల్లో ఎలాగో నెట్టుకొస్తుంది, చలిలో దొరికిపోతుంది. ఆర్‌ఏఐఏ తీసేసిన స్ట్రెయిన్ కట్టుకోగలిగితే మేలు.

కానీ ఈ ఎక్స్‌ట్రాక్ట్ పని ఇప్పుడు మొదలెట్టకు. ప్రైమర్‌తో తేలేదానికి ఎక్స్‌ట్రాక్ట్ కొత్తది తీయడం దండగ. ముందు మెసెంజర్.

రాత్రిషిఫ్ట్

ఒక పిచ్చి ఆలోచన. హైదరాబాద్ సీసీఎంబీలో శివాజీ గారు, రే గారు దశాబ్దాలుగా అంటార్కిటికా బ్యాక్టీరియా మీద పనిచేశారు కదా, సూడోమోనాస్ సిరింజే ఎల్‌జెడ్4డబ్ల్యూ. 4 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది. దాన్నుంచే ఎక్స్‌ట్రాక్ట్ తీస్తే? రైబోజోమ్‌కి చలి అలవాటే కదా.

విశాఖ_ఎస్30

పిచ్చిది కాదు, నాకూ ఎప్పటినుంచో మనసులో ఉంది. చలిలో మొదలుపెట్టలేకపోవడం ఈ. కోలై జబ్బు, చలి సూడోమోనాస్‌లకి అది లేదు. కానీ రెండు చిక్కులున్నాయి. ఎల్‌జెడ్4డబ్ల్యూలో ఆర్‌ఎన్‌ఏజ్ ఈ పక్కన ఆర్‌ఎన్‌ఏజ్ ఆర్ ఉంటుందని వాళ్లే చూపించారు. ఆర్‌ఎన్‌ఏజ్ ఆర్ ముడులున్న ఆర్‌ఎన్‌ఏని కూడా నమిలేస్తుంది, అదీ చలిలో పనిచేసే రకం. ఈ. కోలైలో చలి వల్ల మనకి దొరికే లాభం, మెసెంజర్ ఎక్కువసేపు బతకడం, ఇక్కడ దక్కకపోవచ్చు. రెండోది, 4 డిగ్రీల్లో బతకడానికి దానికి ఆర్‌ఈసీబీసీడీ ఉండి తీరాలి, తీసేసిన స్ట్రెయిన్ చలిలో పెరగదు. కాబట్టి లీనియర్ టెంప్లేట్ మీద ఆశ వద్దు, ప్లాస్మిడ్డే. ఎవరైనా కొత్తగా పీహెచ్‌డీలో చేరేవాళ్లకి మంచి ప్రాజెక్టు. బెంచ్_7కి కాదు.

బెంచ్_7

అక్కా, అప్‌డేట్. క్లోరాంఫెనికాల్ పెట్టి 30లో ఉంచి చూస్తే 16 డిగ్రీల జీఎఫ్‌పీ నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. రెండో గంటకే కనపడుతోంది. అంటే నా ఎక్స్‌ట్రాక్ట్ చచ్చిపోలేదు. అమైనో ఆమ్లాల స్టాక్‌లో మీరన్న తెల్లపొడి ఉంది.

మెగ్నీషియం 16లో 8 దగ్గర పీక్ వచ్చింది, 30లో అదే బ్యాచ్ 10-12 దగ్గర. మెసెంజర్ విడిగా చేసి వేసినా నా ఎంజైమ్ పెరగలేదు. ఆర్‌ఎన్‌ఏఫోల్డ్ 37లో ఏమీ చూపించలేదు, 16 వేస్తే షైన్-డాల్గార్నో సగం, ఏయూజీ మొత్తం ఒక కాండంలో ఇరుక్కుని ఉన్నాయి. మూడో కోడాన్ నుంచి వరసగా జీసీజీ, జీజీసీ, సీజీసీ. ప్రైమర్ ఆర్డర్ పెట్టాను. 22 డిగ్రీల్లో కూడా పెట్టాను, పైన కొంత, పెల్లెట్‌లో ఎక్కువ. కాబట్టి 18కి పైన నాకు దారి లేనట్టే.

ఒక సందేహం. రాత్రంతా పెట్టినప్పుడు ఆరు గంటల తర్వాత లైన్ ఫ్లాట్ అయిపోతోంది. ఎనర్జీ అయిపోయిందా?

విశాఖ_ఎస్30

ఎనర్జీ ఒక్కటే కాదు. పీఈపీ ఖర్చయ్యే కొద్దీ ఫాస్ఫేట్ పోగవుతుంది, అది మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. నువ్వు 8 దగ్గర మొదలుపెట్టావు కాబట్టి 30లో వేసినవాళ్ల కంటే ముందే అడుగంటుతుంది. ఐదో గంటకి ఒక చిన్న ఫీడ్ వెయ్యి. పీఈపీ, అమైనో ఆమ్లాలు, మెగ్నీషియం మూడూ కలిపి. పీఈపీ ఒక్కటే వేస్తే ఇంకా చెడుతుంది. మెగ్నీషియం 2, 4 రెండు రకాలూ వేసి చూడు. పీఈపీ స్టాక్ పీహెచ్ 7 దాటేలా పొటాషియం హైడ్రాక్సైడ్‌తో సరిచేశావో లేదో కూడా చూసుకో, లేకపోతే ఫీడ్ వేసిన క్షణం రియాక్షన్ పులిసిపోతుంది.

8 అనే సంఖ్యని నోట్‌బుక్‌లో ఆ బ్యాచ్ నంబర్ పక్కనే రాసుకో, వచ్చే ఎక్స్‌ట్రాక్ట్‌కి అది వర్తించదు.

పీసీఆర్ మెషీన్ మూత వేడి ఆపేశావా? రాత్రంతా 105 డిగ్రీల మూత కింద 15 మైక్రోలీటర్లు ఉంటే పైన వేడి, కింద చలి, రియాక్షన్ నిజంగా ఎంత డిగ్రీల్లో ఉందో చెప్పలేం. మూత ఆఫ్ చేసి, పైన ఒక చుక్క మినరల్ ఆయిల్ వెయ్యి. కానీ జీఎఫ్‌పీ ట్యూబులకి ఆయిల్ వద్దు, గాలి కావాలి. వాటిని చల్లబరచగలిగే బీఓడీ ఇంక్యుబేటర్‌లో పెట్టు.

ప్రైమర్ వచ్చాక జెల్ ఫోటో పెట్టు. పాత సీక్వెన్స్, కొత్త సీక్వెన్స్, రెండింటికీ పెల్లెట్ లేన్ కూడా వెయ్యి, సూపర్‌నేటెంట్ ఒక్కటే పెట్టకు.